క్లోరిన్ మూడు ఉంది సరే, స్టెబిలైజర్ ఎంత?

(డాలస్ ఉత్తర శివారులో, ఇంట్లో పూల్ ఉన్న తెలుగు కుటుంబాలు వేసవి మొదట్లో ఏర్పాటు చేసుకున్న సమావేశంలో ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం.)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక మనవి. పూల్ నీళ్ళు సీసాల్లో తెచ్చినవాళ్ళు వాటిని ఆ కిటికీ దగ్గర పెట్టకండి. బల్ల కింద, నీడలో పెట్టండి. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నేను గుంటూరులో ముప్పై ఏళ్ళు ఇంటర్మీడియట్ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పాను. బ్యూరెట్టు సరిగ్గా పట్టుకోలేదని ఎంతమందిని కసిరానో లెక్క లేదు. అలాంటి నన్ను మా అబ్బాయి పెరట్లోని పూల్ ఒక వేసవిలో నిలువునా మోసం చేసింది. ఇక్కడికి వచ్చాక పనేమీ తోచక, ఆ పూల్ సంగతి నేను చూసుకుంటానని నేనే మీద వేసుకున్నాను. నీళ్ళు, క్లోరిన్, ఆమ్లం, క్షారం. ఇంతకంటే నాకు తెలిసిన విద్య ఏముంది అనుకున్నాను.

జూన్ నెల. శనివారం మనవరాలి పుట్టినరోజు, పాతికమంది పిల్లలను పిలిచారు. మంగళవారం పొద్దున పూల్ మెట్టు మీద కాలు పెడితే జారింది. పాచి కంటికి కనబడక ముందే కాలికి తెలుస్తుంది, చెరువు రేవులో దిగి పెరిగినవాళ్ళకు ఇది కొత్త కాదు. గురువారానికి నీళ్ళు పొట్టు పెసరపప్పు నానబెట్టిన రంగుకు వచ్చాయి. సీసాలో నీళ్ళు పట్టుకుని దుకాణానికి పరుగెత్తాం. అక్కడి కుర్రవాడు యంత్రంలో పోసి కాగితం చేతికిచ్చాడు. క్లోరిన్ 3, దాని పక్కన ఆకుపచ్చ టిక్కు. నీళ్ళూ ఆకుపచ్చే, టిక్కూ ఆకుపచ్చే! (నవ్వులు) పాచి మందు, ఫాస్ఫేట్లు తీసే మందు, ‘షాక్’ అని రాసి ఉన్న పొడి ఆరు పొట్లాలు కొనిపించాడు. అన్నీ పోశాం. శనివారం పిల్లలు పచ్చిక మీద గొట్టంతో నీళ్ళు చిమ్ముకుని ఆడుకున్నారు. మా కోడలు ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

పిల్లలు వెళ్ళిపోయాక కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం మళ్ళీ చదివాను. కింద ఇంకో గడి ఉంది. స్టెబిలైజర్: 100 కంటే ఎక్కువ. ఆ గడిని కుర్రవాడు చూడలేదు. మాస్టారినైన నేనూ చూడలేదు. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ గడి గురించే.

స్టెబిలైజర్ అంటే సయన్యూరిక్ ఆమ్లం. పేరు వినగానే సయనైడ్ గుర్తొచ్చి భయపడకండి, దానికీ దీనికీ విషం విషయంలో చుట్టరికం లేదు. దీని పుట్టిల్లు మనకు బాగా తెలిసిన యూరియా. యూరియాను వేడి చేస్తే అమోనియా పోయి బైయూరెట్ వస్తుంది, ప్రయోగశాలలో మీలో కొందరు చేసే ఉంటారు. ఇంకా వేడి చేస్తే వచ్చే తెల్లని పొడి సయన్యూరిక్ ఆమ్లం. వరికి చల్లిన బస్తాలోని సరుకే నిప్పుల మీద కూర్చుని రూపం మార్చుకుని మన పూల్‌లోకి వచ్చింది.

దీనితో పని ఏమిటి? క్లోరిన్‌కు ఎండ పడదు. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు, స్టెబిలైజర్ లేని పూల్‌లో గంట తిరగకముందే సగం క్లోరిన్ ఎగిరిపోతుంది. అతినీలలోహిత కిరణాలు దాన్ని విరిచేస్తాయి. సీసాలు నీడలో పెట్టమన్నది అందుకే. సయన్యూరిక్ ఆమ్లం వేస్తే క్లోరిన్ వెళ్ళి దాన్ని పట్టుకుంటుంది, పట్టుకున్నంతసేపూ ఎండ దాన్ని అంతగా తాకలేదు. టెక్సస్ జూలై ఎండలో ఇది లేకుండా ఆరుబయటి పూల్ నడపడం అంటే చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే.

మా ఊళ్ళో వేసవి మొదట్లో పంచాయతీవాళ్ళు బావిలో బ్లీచింగ్ పౌడర్ వేసేవారు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, బకెట్లో కలిపి, తేరిన నీటిని బావిలో వదిలి, చేదతో కలియబెట్టేవారు. రాత్రిపూట, నీళ్ళు తోడేవాళ్ళు ఇళ్ళకు వెళ్ళాక వేయడం మంచిదని ఆరోగ్యశాఖ పాఠం. ఆ బావిలో ఎవరూ స్టెబిలైజర్ వేయలేదు కదా, మరి క్లోరిన్ ఎలా నిలిచింది? బావిలోకి ఎండ ఎక్కడిది! బావి తన నీడ తానే తెచ్చుకుంటుంది. పూల్‌కు మాత్రం మనం నీడను పొడి రూపంలో కొని పోయాలి.

ఇంతవరకు అంతా బాగుంది. చిక్కు ఎక్కడంటే, నీడ పట్టినవాడు పని కూడా తక్కువ చేస్తాడు. స్టెబిలైజర్‌ను పట్టుకుని ఉన్న క్లోరిన్ పాచిని చంపదు, చంపినా చెప్పుకోదగ్గంత చంపదు. క్రిములను చంపేది, క్లోరిన్ నీళ్ళలో కలిస్తే వచ్చే, విడిగా తిరిగే హైపోక్లోరస్ ఆమ్లం. మామూలుగా నడిచే పూల్‌లో కూడా నూటికి తొంభై అయిదుకు పైగా క్లోరిన్ స్టెబిలైజర్ దగ్గరే కట్టుబడి ఉంటుంది, విడిగా తిరిగేది పిసరంత. ఆ పిసరు ఖర్చయితే కట్టులోంచి ఇంకొంత విడుదలవుతుంది. ఈ లెక్కను 1974లో ఓబ్రియన్, మారిస్, బట్లర్ అనే ముగ్గురు సమతాస్థితి స్థిరాంకాలతో సహా తేల్చి ప్రకటించారు. యాభై ఏళ్ళు దాటింది. దుకాణంలోని ఆకుపచ్చ టిక్కుకు ఆ కబురు ఇంకా అందలేదు.

మరి పరీక్షలో 3 అని ఎందుకు వచ్చింది? ఇక్కడ కాస్త మనసు పెట్టి వినండి, నేను మోసపోయింది ఇక్కడే. పరీక్ష గొట్టంలో గులాబీ రంగు తెప్పించే మందు వేయగానే అది విడిగా ఉన్న క్లోరిన్‌ను తినేస్తుంది. వెంటనే కట్టులోంచి మరికొంత వస్తుంది, దాన్నీ తినేస్తుంది. క్షణాల్లో కట్టు మొత్తం ఖాళీ అవుతుంది. కాబట్టి మనకు కనిపించే 3 అనే సంఖ్య కట్టులో ఉన్నదీ విడిగా ఉన్నదీ కలిపి. ఊళ్ళో పదెకరాలున్న మనిషి బస్సు ఎక్కాడనుకోండి. ఆస్తి ఎంత అని అడిగితే లక్షలు చెబుతాడు. టిక్కెట్టుకు జేబులో చిల్లర ఉందా? పాచిని చంపేది ఆ చిల్లర. పరీక్ష చెప్పేది ఆస్తి.

కాబట్టి క్లోరిన్ ఎంత ఉండాలి అనే ప్రశ్నకు స్టెబిలైజర్ ఎంతో చెప్పకుండా జవాబు లేదు. అమెరికా ప్రభుత్వపు వ్యాధి నియంత్రణ కేంద్రం, అదే సీడీసీ, క్లోరిన్ కనీసం 1 పీపీఎం, అంటే లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము, ఉండాలంటుంది, సయన్యూరిక్ ఆమ్లం వాడితే కనీసం 2 ఉండాలంటుంది. అది అడుగు మెట్టు. ఇంటి పూల్‌లో పాచి రాకుండా చూసుకునేవాళ్ళు పాటించే లెక్క ఇంకొంచెం గట్టిది: స్టెబిలైజర్‌లో పదమూడో వంతుకు క్లోరిన్ ఎప్పుడూ తగ్గకూడదు, ఎనిమిదో వంతు దగ్గర ఉంటే నిశ్చింత. స్టెబిలైజర్ 40 ఉంటే క్లోరిన్ 3 కంటే తగ్గనివ్వకండి, 5 దగ్గర ఉంచండి. అదే స్టెబిలైజర్ 80 అయితే 6 కంటే తగ్గకూడదు. మా పూల్‌లో, తరువాత తేలింది, 180. అంటే దాదాపు 14 ఉండాల్సిన చోట 3 పెట్టుకుని నేను ధైర్యంగా కూర్చున్నాను.

ఆ 180 ఎక్కడి నుంచి వచ్చింది? మేము సయన్యూరిక్ ఆమ్లం డబ్బా ఒక్కటీ కొనలేదు. బిళ్ళల నుంచి వచ్చింది. మీ అందరి ఇళ్ళలో ఉండే ఆ అరచేతి మందం తెల్ల బిళ్ళ ట్రైక్లోర్. దాన్ని తయారుచేయడమే సయన్యూరిక్ ఆమ్లానికి క్లోరిన్ అతికించి చేస్తారు. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఆమ్లం మిగిలిపోతుంది. లెక్క ఇది: ట్రైక్లోర్‌తో పూల్‌కు 10 పీపీఎం క్లోరిన్ ఇస్తే దానితోపాటు 6 పీపీఎం స్టెబిలైజర్ చేరుతుంది. వేసవిలో రోజుకు 2 పీపీఎం క్లోరిన్ ఖర్చవుతుందనుకుందాం. నెలకు 60. దానితో వచ్చే స్టెబిలైజర్ 36. ఏప్రిల్‌లో 30తో మొదలుపెట్టినవాడికి నాలుగు నెలలు తిరిగేసరికి 174. పాపం బిళ్ళను తిట్టి లాభం లేదు, అది చెప్పి మరీ చేస్తోంది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో పేరు చదవండి. చివర ‘ట్రైయోన్’ అని ఉంటే అందులో స్టెబిలైజర్ ఉన్నట్టే. నేను ఆ శుక్రవారం పోసిన షాక్ పొట్లాల మీద కూడా ఆ ‘ట్రైయోన్’ ఉంది. అది డైక్లోర్, దానితో 10 క్లోరిన్‌కు 9 స్టెబిలైజర్! నిప్పు ఆర్పుదామని కిరోసిన్ పోశాను. (నవ్వులు)

ఎవరో అడుగుతున్నారు... ఎండకు ఆవిరైపోదా అని. పోదు. ఆవిరయ్యేది నీళ్ళే. రసం మరిగేకొద్దీ ఉప్పు తగ్గుతుందా? పిల్లలు దూకినప్పుడు బయటికి చిందిన నీళ్ళు, ఫిల్టరును వెనక్కి కడిగినప్పుడు పోయిన నీళ్ళు, వాటితో పోయినంతే పోతుంది. ఏదో పొడి వేస్తే తగ్గిపోతుందని అమ్ముతారు, నా డబ్బు నేను వాటి మీద పెట్టను. నీళ్ళు మార్చడమే మార్గం.

మార్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. పూల్ మొత్తం ఖాళీ చేయకండి. ఈ డాలస్ నేల ఏమిటనుకున్నారు? మన గుంటూరు నల్లరేగడికి అన్నదమ్ముడు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. వాన పడి నేలలో నీళ్ళు నిండి ఉన్నప్పుడు ఖాళీ పూల్ అంటే బరువులేని కాంక్రీటు దోనె, కింది నీటి ఒత్తిడికి అది పైకి లేచిన సందర్భాలున్నాయి. లోపలి పూత కూడా ఎండకు పగులుతుంది. మేము సగం తీసి నింపాం, కలియనిచ్చి, మళ్ళీ సగం తీసి నింపాం. 180 కాస్తా 90, 90 కాస్తా 45. మా పూల్ 16,000 గ్యాలన్లు, అంటే సుమారు 60,000 లీటర్లు, మొత్తం అంత నీరు మారింది. ఒక పక్క తోడుతూ ఇంకో పక్క గొట్టంతో పోస్తే పని సులువు కదా అని మా అబ్బాయి అన్నాడు. అలా చేస్తే అప్పుడే పోసిన మంచి నీళ్ళను కూడా తోడి పారబోస్తాం, అదే 45కు రావడానికి 80,000 లీటర్లు దాటుతుంది. తీసిన నీళ్ళు వీధిలోకి వదలవచ్చో లేదో మీ ఊరి నిబంధన ముందు కనుక్కోండి, క్లోరిన్ ఉన్న నీళ్ళు వాగులో కలిస్తే చేపలు బతకవు.

తరువాత క్లోరిన్‌ను పద్దెనిమిదికి పెంచాం. పచ్చబడిన నీళ్ళకు స్టెబిలైజర్‌లో నూటికి నలభై వంతు క్లోరిన్ కావాలి. పది శాతం ద్రవ క్లోరిన్ సుమారు మూడు గ్యాలన్లు, బట్టలు తెల్లబరిచే సీసాలో ఉండే హైపోక్లోరైటే, ఇంకాస్త ఘాటు. పంపు ఆపకుండా, గోడలు తోముతూ, రోజుకు మూడుసార్లు కొలిచి తగ్గినంత మళ్ళీ పోస్తూ అయిదు రోజులు నిలబెట్టాం. ఆ అయిదు రోజులూ పిల్లలను దగ్గరకు రానివ్వలేదు. చూడండి, స్టెబిలైజర్ 180 దగ్గరే ఉంటే ఇదే పనికి క్లోరిన్ 72కు పోవాలి. అందుకే ముందు నీళ్ళు మార్చాం.

పాచి చచ్చిందని ఎలా తెలుస్తుంది? రాత్రి పరీక్ష. చీకటి పడ్డాక క్లోరిన్ కొలవండి, తెల్లవారి సూర్యుడు రాకముందు మళ్ళీ కొలవండి. రాత్రి ఎండ లేదు కాబట్టి, తగ్గినదంతా ఏదో జీవం తిన్నదే. 1 పీపీఎం కంటే తక్కువ తగ్గితే నీళ్ళు శుభ్రం. నాకు ఈ పరీక్ష అంటే ఇష్టం. అయిదు గంటలకు లేచే అలవాటున్న ముసలివాడికి ఇంతకంటే మంచి కాలక్షేపం దొరకదు.

అప్పటి నుంచి మా ఇంట్లో పద్ధతి మారింది. రోజూ సాయంత్రం పొద్దు వాలాక ద్రవ క్లోరిన్ పోస్తాను, నడి వేసవిలో రెండు లీటర్ల లోపే పడుతుంది. ఇది స్టెబిలైజర్‌ను పెంచదు. దీనికీ లోపాలున్నాయి: మోయాలి, చొక్కా మీద పడితే చొక్కా పోతుంది, గరాజు వేడికి సత్తువ తగ్గిపోతుంది కాబట్టి నెలల సరుకు కొని పెట్టుకోవడం కుదరదు. బిళ్ళలను పూర్తిగా వెలివేయలేదు. ఇండియా వెళ్ళినప్పుడు నెల రోజులు వాటి మీదే వదిలేస్తాం, తిరిగొచ్చేసరికి 36 దాకా పెరుగుతుందని తెలిసే వదులుతాం. 2020 ఆగస్టులో లారా తుఫాను తరువాత లూసియానాలో బిళ్ళలు తయారుచేసే పెద్ద కర్మాగారం కాలిపోయి, మరుసటి వేసవిలో బిళ్ళలు దొరక్క ధరలు మండిపోయాయి, గుర్తుందా? అప్పుడు ద్రవానికి మారినవాళ్ళలో చాలామంది మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు.

కొత్త నీళ్ళతో మొదలుపెట్టేవాళ్ళకు స్టెబిలైజర్ అసలు ఉండదు, వేసుకోవాలి. 60,000 లీటర్లకు 30 పీపీఎం రావాలంటే 1,800 గ్రాములు. పొడిని నేరుగా చల్లకండి, అడుగున కూర్చుని కరగడానికి మొరాయిస్తుంది. పాత మేజోడులో పోసి, మూతి కట్టి, నీళ్ళు తిరిగి వచ్చే గొట్టం ఎదుట వేలాడదీసి, అటూ ఇటూ వెళ్ళినప్పుడల్లా పిండండి. పరీక్షలో పూర్తిగా కనబడడానికి వారం పట్టవచ్చు. కనబడలేదని రెండో రోజే ఇంకో డబ్బా పోయకండి.

ఉప్పు నీటి పూల్ వారు ఎవరో చెయ్యెత్తారు. మాది ఉప్పు, మాకు క్లోరిన్ లేదు అంటున్నారు. ఉందమ్మా. మీ యంత్రం విద్యుత్తుతో ఆ ఉప్పు నుంచే క్లోరిన్ చేస్తుంది. అది పగలంతా కొంచెం కొంచెంగా చేస్తుంది కాబట్టి ఎండ నుంచి కాపాడడానికి మీకు స్టెబిలైజర్ ఇంకా ఎక్కువ కావాలి, 70 దాకా. మంచి సంగతి, మీ యంత్రం స్టెబిలైజర్‌ను తనంతట తాను పెంచదు. బిళ్ళలు వేయకపోతే చాలు.

ఒక్క విషయం గట్టిగా చెబుతాను, ఇందులో హాస్యం లేదు. ట్రైక్లోర్ బిళ్ళలనూ కాల్షియం హైపోక్లోరైట్‌నూ, అంటే మన బ్లీచింగ్ పౌడర్ జాతి పొడినీ, ఎప్పుడూ కలపకండి. ఒక గరిటె రెండింట్లో పెట్టకండి, ఒకటి వాడిన డబ్బాలో ఇంకోటి పోయకండి. రెండూ క్లోరినే కదా అనుకుంటారు. కాస్త తేమ తగిలితే మంట లేస్తుంది, పేలుతుంది. అలాగే పీహెచ్ తగ్గించే ఆమ్లం పక్కన ద్రవ క్లోరిన్ పెట్టకండి. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు, మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల మీద వదిలింది అదే. మాకు తెలిసిన ఒకరి గరాజులో ఈ నాలుగూ ఒకే అలమరలో, ఒకే గరిటెతో చూశాను. కాఫీ తాగకుండానే ముందు ఆ అలమర సర్ది వచ్చాను.

ఇక ఈ సీసాలు. స్టెబిలైజర్ పరీక్షకు వాడే మందులో ఉండేది మెలమైన్. మెలమైన్, సయన్యూరిక్ ఆమ్లం కలిస్తే కరగని తెల్లని స్ఫటికాలు వస్తాయి. 2007లో ఈ దేశంలో పిల్లులు, కుక్కలు తినే ఆహారంలో ఈ రెండూ కలిసి ఉండటంతో వాటి మూత్రపిండాల్లో ఇవే స్ఫటికాలు పేరుకుని చాలా జంతువులు చనిపోయాయి. మన గొట్టంలో అదే చర్య అపకారం లేకుండా జరుగుతుంది. నీళ్ళు పాల విరుగుడులా తెల్లబడతాయి. గొట్టం అడుగున నల్లచుక్క ఉంటుంది. తెల్లబడిన నీళ్ళను కొద్దికొద్దిగా పోస్తూ, పైనుంచి చూస్తూ, చుక్క కనబడకుండా పోయిన చోట గీత మీద అంకె చదవాలి. వంద దాటిందని అనుమానం వస్తే, సగం పూల్ నీళ్ళు, సగం కుళాయి నీళ్ళు కలిపి చేసి, వచ్చిన అంకెను రెట్టింపు చేయండి. మాది అలా 90 వచ్చి 180 అయింది. చుక్కను గుచ్చి గుచ్చి చూడకూడదు, తదేకంగా చూస్తే లేని చుక్క కూడా కనిపిస్తుంది. నడుము ఎత్తులో పట్టుకుని, ఆరుబయట, వీపుకు ఎండ తగిలేలా నిలబడాలి. ఈ గదిలోని దీపాల కింద చేస్తే ఒక్కొక్కరికి ఒక్కో అంకె వస్తుంది.

గడియారం ఏడు దాటింది, బయట ఇంకో గంట పైనే వెలుతురు ఉంటుంది. బల్ల కింద సీసాలు తీసుకుని రండి, పద్నాలుగు దాకా ఉన్నట్టున్నాయి. బిళ్ళలు వాడేవాళ్ళు ముందు నిలబడండి, మీ నీళ్ళకు రెండుసార్లు కొలవాల్సి రావచ్చు. ఆ ఎర్ర మూత సీసా ఎవరిది? ఎన్నేళ్ళుగా బిళ్ళలు వేస్తున్నారు? ఆరేళ్ళా... అయితే ఆ బకెట్లో కుళాయి నీళ్ళు కూడా పట్టుకురండి.